రాత్రి రెండు గంటల పని ఎందుకు జరగలేదు?

పూర్వం తాలూకా కచేరీల దగ్గరా, జైళ్ళ దగ్గరా రాత్రిపూట గంటగంటకూ గంట కొట్టేవారు. ఊరంతా నిద్రపోతున్నా ఒక మనిషి మేలుకుని ఉన్నాడనడానికి అదే గుర్తు. ఒక రాత్రి ఆ కాపలావాడు కునుకు తీసి, రెండు గంటల వేళ గంట కొట్టలేదనుకోండి. ఆ సంగతి ఊళ్ళో ఎంతమందికి తెలుస్తుంది? మోగిన గంటకు మెలకువ రావచ్చు. మోగని గంటకు ఎవరికీ మెలకువ రాదు.

కంప్యూటర్ల లోకంలోనూ ఇలాంటి కాపలావాడు ఒకడున్నాడు. బ్యాంకుల్లో, ఆసుపత్రుల్లో, విశ్వవిద్యాలయాల్లో పగలంతా సమాచారం పోగవుతుంది. రాత్రి వాడకం తగ్గిన వేళ ఆ సమాచారానికి ఒక నకలు తీసి మరోచోట భద్రపరుస్తారు. దీన్నే ‘బ్యాకప్’ అంటారు. ఇందుకోసం రోజూ ఎవరో మేలుకుని కూర్చోనక్కర్లేదు. ఫలానా వేళకు ఫలానా పని చెయ్యమని ఒకసారి చెప్పిపెడితే సర్వర్ తనంతట తానే చేస్తుంది. మరి ఒక రాత్రి చెయ్యకపోతే? మర్నాడు ఉదయం అన్నీ మామూలుగానే ఉంటాయి. అసలు సమాచారం పోయి, నకలు కోసం వెతికిన రోజునే ఆ లోపం బయటపడుతుంది.

చూడటానికి చిన్నదిగా కనిపించే ఈ లోపం వెనుక పెద్ద చరిత్రే ఉంది. దాన్ని తెలుసుకుంటే యంత్రాలకు పని అప్పగించడంలో మనం ఎక్కడ పొరబడతామో కూడా తెలుస్తుంది.

తాత, తండ్రి, కొడుకు

తొలి రోజుల్లో కంప్యూటర్లకు సమాచారాన్ని చిల్లుల కార్డుల మీద అందించేవారు. కార్డు చిరిగితే తప్ప దానిమీది సమాచారం చెరిగిపోదు. 1951లో అమెరికాలో యూనివాక్ కంప్యూటర్‌తోపాటు లోహపు అయస్కాంత టేపు వాడుకలోకి వచ్చింది. 1952లో ఐబీఎం సంస్థ ప్లాస్టిక్ పట్టీ మీద అయస్కాంత పూత ఉన్న టేపును నడిపే 726 నమూనా యంత్రాన్ని ప్రకటించింది. టేపు వల్ల వేగం పెరిగింది. దాంతోపాటు ఒక ప్రమాదం కూడా వచ్చింది. టేపు మీది సమాచారాన్ని చెరిపి మళ్ళీ రాయవచ్చు. అంటే పొరపాటున కూడా చెరపవచ్చు!

ఆనాటి ఆపరేటర్లు దీనికి చక్కని ఉపాయం కనిపెట్టారు. నిన్నటి ఖాతాల టేపును ఒక యంత్రం మీద, ఇవాళ్టి లావాదేవీల టేపును మరో యంత్రం మీద పెట్టి, రెండింటినీ కలిపి మూడో టేపు మీద కొత్త ఖాతాలు రాయించేవారు. కొత్త టేపు కొడుకు, నిన్నటిది తండ్రి, మొన్నటిది తాత. ఈ మూడు తరాలనూ దాచి ఉంచేవారు. కొడుకు పాడైతే తండ్రి నుంచి, తండ్రి కూడా పాడైతే తాత నుంచి లెక్కలన్నీ మళ్ళీ తయారు చేసుకోవచ్చు. ఈ పద్ధతికి ‘తాత-తండ్రి-కొడుకు’ అనే పేరే స్థిరపడింది.

ఇక్కడ ఒక విషయం గమనించాలి. ఆ రోజుల్లో టేపు ఎక్కించేది మనిషి. టేపు తెగినా, యంత్రం మొరాయించినా అతని కళ్ళ ముందే జరిగేది. పని జరగకపోతే ఆ సంగతి ఆ పని చేసే మనిషికే మొదట తెలిసేది.

క్రాన్ పుట్టుక

1969లో అమెరికాలోని బెల్ ప్రయోగశాలల్లో కెన్ థాంప్సన్, డెన్నిస్ రిచీ తదితరులు యూనిక్స్ అనే నిర్వాహక వ్యవస్థకు శ్రీకారం చుట్టారు. 1979లో దాని ఏడో కూర్పు వెలువడింది. అందులో ‘క్రాన్’ అనే చిన్న ప్రోగ్రామ్ ఉంది. కాలానికి గ్రీకు మాట క్రోనోస్. ఈ పేరు అక్కడి నుంచి వచ్చిందే.   

క్రాన్ పనిచేసే తీరు చాలా సులువు. యంత్రం మొదలవగానే అదీ మొదలవుతుంది. తనకిచ్చిన పట్టికను చదువుతుంది. ఈ నిమిషంలో చెయ్యాల్సిన పని ఏదైనా ఉంటే మొదలుపెడుతుంది. తరువాత ఒక నిమిషం నిద్రపోతుంది. లేచి మళ్ళీ పట్టిక చూస్తుంది. యంత్రాన్ని ఆపేదాకా ఇంతే.

పట్టికలో ఒక్కో పనికి ఒక్కో వరుస. వరుసలో ముందు వేళను తెలిపే అయిదు గడులు ఉంటాయి: నిమిషం, గంట, తేదీ, నెల, వారం. ఆ తరువాత చెయ్యాల్సిన పని. ‘30 2 * * *’ అని రాస్తే, నెలతోగాని వారంతోగాని నిమిత్తం లేకుండా రోజూ రాత్రి 2 గంటల 30 నిమిషాలకు అని అర్థం. చుక్క గుర్తుకు ‘ఏదైనా సరే’ అని భావం.

మొదటి క్రాన్ యంత్రం మొత్తానికి ఒకే పట్టికను చూసేది. తరువాత పర్డ్యూ విశ్వవిద్యాలయంలో ఒకే యంత్రాన్ని వాడే అనేకమంది ఎవరి పట్టిక వారు పెట్టుకునే ఏర్పాటు చేశారు. 1987లో పాల్ విక్సీ రాసిన క్రాన్ అనేక వ్యవస్థల్లోకి వ్యాపించింది. మైక్రోసాఫ్ట్ సంస్థ 1995లో విండోస్ 95కు అనుబంధంగా ‘సిస్టమ్ ఏజెంట్’ను ఇచ్చింది. విండోస్ 98 నాటికి దాని పేరు ‘టాస్క్ షెడ్యూలర్’ అయింది.

ఇలా రాత్రి కాపలా మనిషి చేతినుంచి యంత్రం చేతికి పోయింది. యంత్రానికి నిద్ర రాదు, విసుగు లేదు. అయితే పని జరగనప్పుడు ‘అయ్యో’ అనుకునే గుణం కూడా దానికి లేదు. ఆ పని ఏదైనా రాత వెలువరిస్తే దాన్ని సంబంధించిన వ్యక్తికి ఒక ఉత్తరంగా పంపడం మాత్రమే క్రాన్‌కు తెలుసు. అందరూ ఒకే యంత్రం ముందు కూర్చుని అందులోనే ఉత్తరాలు చదువుకునే రోజుల్లో ఈ ఏర్పాటు బాగానే పనిచేసింది. సర్వర్లు ఎక్కడో తాళం వేసిన గదుల్లోకి చేరాక, ఆ ఉత్తరాలు చదివేవారు లేక పోగుపడసాగాయి.

వూడీ టోపీ మాయమైన రోజు

1998లో అమెరికాలోని పిక్సార్ సంస్థ ‘టాయ్ స్టోరీ 2’ అనే బొమ్మల సినిమా తీస్తోంది. ఇది రంగు పెన్సిళ్ళతో గీసిన సినిమా కాదు. ప్రతి పాత్రా, ప్రతి దృశ్యమూ కంప్యూటర్ డిస్కులోని ఫైళ్ళే. ఒక రోజు కొందరు ఉద్యోగులు వూడీ అనే పాత్ర ఫైళ్ళు చూస్తుండగా అవి ఒక్కొక్కటే తగ్గిపోసాగాయి. మొదట టోపీ పోయింది. తరువాత బూట్లు. చివరికి వూడీయే లేడు! ఎవరో పొరపాటున ఫైళ్ళను చెరిపే ఆదేశాన్ని, సినిమా మొత్తం ఉన్న చోట ఇచ్చారు. వెంటనే ఫోను చేసి యంత్రం ప్లగ్గు లాగించారు. అప్పటికే సినిమాలో నూటికి తొంభై వంతులు పోయాయి.

‘బ్యాకప్ ఉందిగా’ అనుకున్నారు. టేపులు తీసి చూస్తే తెలిసింది, దాదాపు నెల రోజులుగా బ్యాకప్ సరిగ్గా జరగడమే లేదని. లోపాన్ని చెప్పాల్సిన సందేశం ఎవరికీ అందలేదు.

సినిమాను కాపాడింది ఒక పసిపాప అనవచ్చు. సాంకేతిక దర్శకురాలు గాలిన్ సుస్మన్ అప్పుడే బిడ్డను కన్నారు. ఇంటి దగ్గర పనిచేసుకోవడానికి వీలుగా ఆమె ఇంటి కంప్యూటర్‌లోకి సినిమా ఫైళ్ళ నకలు పంపే ఏర్పాటు ఉంది. ఆ కంప్యూటర్‌ను దుప్పట్లలో చుట్టి, కారు వెనుక సీట్లో పెట్టి, నెమ్మదిగా నడుపుకుంటూ స్టూడియోకు తెచ్చారు. అందులోని నకలుతో సినిమా బతికింది. అయితే ఆ తరువాత కథ నచ్చక చాలా భాగాన్ని సంస్థవారే మళ్ళీ తీశారు. 1999 నవంబరులో సినిమా విడుదలైంది.

పగలు నడిచే పని రాత్రి ఎందుకు నడవదు?

సర్వర్లు చూసుకునేవారికి తరచు ఎదురయ్యే ప్రశ్న ఇది. ప్రోగ్రామ్‌ను తాము కీబోర్డు ముందు కూర్చుని నడిపితే చక్కగా నడుస్తుంది. అదే ప్రోగ్రామ్‌ను క్రాన్‌కు అప్పగిస్తే నడవదు! ఇది మాయ కాదు, చాలా వరకు ఇల్లు మారడం వల్ల వచ్చిన చిక్కు. మన వంటింట్లో ఉప్పు ఎక్కడుందో, పప్పు ఎక్కడుందో చీకట్లోనైనా తీయగలం. పొరుగింటి వంటింట్లో అగ్గిపెట్టె కోసమే వెతుక్కుంటాం. మనం యంత్రంలోకి ప్రవేశించినప్పుడు ఏ ప్రోగ్రామ్ ఏ అరలో ఉందో చెప్పే వివరాలు మనకోసం సిద్ధమవుతాయి. క్రాన్ పని మొదలుపెట్టినప్పుడు వాటిలో ఒకటి రెండు మాత్రమే ఉంటాయి. అందుకే ప్రోగ్రామ్ పేరు మాత్రమే రాస్తే దానికి దొరకదు. దాని పూర్తి చిరునామా రాయాలి.

రెండో చిక్కు శాతం గుర్తుతో వస్తుంది. ప్రతి నకలు పేరులోనూ ఆనాటి తేదీ ఉంటే బాగుంటుందని అందరూ అనుకుంటారు. తేదీని అడిగే ఆదేశంలో శాతం గుర్తు ఉంటుంది. క్రాన్ పట్టికలో మాత్రం ఆ గుర్తుకు ‘వరుస ఇక్కడ ముగిసింది’ అని అర్థం. దాంతో ఆదేశం సగంలో తెగిపోతుంది. అదే ఆదేశం కీబోర్డు మీద కొడితే ఏ ఇబ్బందీ ఉండదు.

విండోస్‌లో చిక్కు ఇంకోలా వస్తుంది. వేళ పెట్టిన పని ఎవరి పేరు మీద జరగాలో, వారి పాస్‌వర్డు ఏమిటో ముందే చెప్పి ఉంచుతారు. మూడు నెలల తరువాత ఆ వ్యక్తి భద్రత కోసం పాస్‌వర్డు మారుస్తాడు. పాత పాస్‌వర్డుతో వెళ్ళిన పని తలుపు దగ్గరే ఆగిపోతుంది. పాస్‌వర్డు మార్చడం మంచిదే. దానికీ రాత్రి పనికీ సంబంధం ఉందన్నది ఎవరికీ గుర్తుండదు, అంతే.

ఇక గడియారం సంగతి. మన దేశానికి 82½ డిగ్రీల తూర్పు రేఖాంశం ఆధారంగా ప్రామాణిక కాలం 1906లో అమలులోకి వచ్చింది. ఆ రేఖాంశం ఆంధ్రప్రదేశ్ మీదుగా కూడా పోతుంది. అంతర్జాతీయ కాలంకన్నా మనం అయిదున్నర గంటలు ముందుంటాం. సర్వర్ గడియారం అంతర్జాతీయ కాలంలో ఉండి, మనం రాత్రి రెండు గంటలకు అని రాస్తే, ఆ పని మన ఉదయం ఏడున్నరకు మొదలవుతుంది. అమెరికాలో మరో విచిత్రం ఉంది. అక్కడ ఎక్కువ ప్రాంతాల్లో వసంత కాలంలో ఒక రాత్రి రెండు గంటల వేళ గడియారాన్ని ఒక్కసారిగా మూడుకు తిప్పుతారు. ఆ రోజున రెండున్నర అనే వేళే ఉండదు. మరి రెండున్నరకు పెట్టిన పని ఎప్పుడు జరగాలి? శరదృతువులో గడియారాన్ని వెనక్కి తిప్పిన రాత్రి ఒంటిగంటన్నర రెండుసార్లు వస్తుంది. అప్పుడు పని రెండుసార్లు జరగవచ్చు. తరువాతి క్రాన్‌లలో దీనికి తగిన జాగ్రత్తలు చేర్చారు.

యంత్రం ఆ వేళకు ఆగి ఉంటే? క్రాన్ పోయిన వేళ గురించి చింతించదు. దాటిపోయిన పనిని తరువాత చెయ్యదు. కరెంటు పోవడం మామూలైన చోట ఇది పెద్ద లోటు. ఈ లోటు తీర్చడానికే ‘అనాక్రాన్’ అనే ప్రోగ్రామ్ వచ్చింది. అది వేళను పట్టించుకోదు. ‘చివరిసారి ఈ పని చేసి ఎన్ని రోజులైంది?’ అని చూసుకుని, బాకీ ఉంటే పూర్తిచేస్తుంది.

ఇన్ని కారణాలున్నప్పుడు తప్పు ఎలా పట్టుకోవాలి? అనుభవజ్ఞులు వరుసగా ప్రశ్నలు వేసుకుంటారు. కాపలావాడు అసలు మేలుకుని ఉన్నాడా? ఆ వేళకు పని మొదలుపెట్టినట్టు చిట్టాలో నమోదు ఉందా? మొదలైతే చివరిదాకా సాగిందా? సాగితే నకలు ఎంత పరిమాణంలో వచ్చింది? చివరిది మరీ ముఖ్యం. సున్నా పరిమాణంలో ఉన్న నకలు కూడా అరలో ఒక ఫైలుగానే కనిపిస్తుంది!

2017 జనవరి 31

ప్రపంచంలోని అనేకమంది ప్రోగ్రామర్లు తమ పనిని దాచుకునే వేదికల్లో గిట్‌ల్యాబ్ ఒకటి. 2017 జనవరి 31న దాని సమాచార నిధి మీద భారం పెరిగింది. అంతర్జాతీయ కాలం ప్రకారం రాత్రి పదకొండు దాటింది. ప్రధాన సర్వర్‌లోని సమాచారానికి ఎప్పటికప్పుడు నకలు ఉంచుకునే రెండో సర్వర్ వెనుకబడింది. దాన్ని మళ్ళీ మొదటినుంచీ నింపడానికి ఒక ఇంజినీరు అందులోని పాత సమాచారాన్ని చెరిపే ఆదేశం ఇచ్చాడు. ఒకటి రెండు క్షణాల్లో పొరపాటు తెలిసింది. అతను ఉన్నది రెండో సర్వర్‌లో కాదు, ప్రధాన సర్వర్‌లోనే! ఆదేశాన్ని ఆపేసరికి సుమారు 300 గిగాబైట్లలో మిగిలింది 4.5 గిగాబైట్లు.

రోజుకోసారి తీసిన నకళ్ళు ఉండాల్సిన చోట చూశారు. అక్కడ ఏమీ లేదు. కారణం ఏమిటి? సమాచార నిధి పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్ 9.6 కూర్పులో నడుస్తోంది. నకలు తీసే పని మాత్రం పాత 9.2 కూర్పు పనిముట్టుతో మొదలవుతోంది. కొత్త కూర్పును పాత పనిముట్టు ముట్టుకోదు. లోపం చూపి ఆగిపోతుంది. అలా ఆగినప్పుడల్లా ఒక ఈమెయిల్ వెళ్ళాలి. అది వెళ్ళేది కూడా. అయితే దొంగ ఉత్తరాలను అడ్డుకునే రక్షణ ఏర్పాటుకు తగిన గుర్తింపు వాటికి లేకపోవడంతో, అందుకునే సర్వర్ వాటిని తిప్పికొట్టేది. నకలు లేదు. లేదన్న కబురూ లేదు. డిస్కు మొత్తానికి చిత్రం తీసే మరో ఏర్పాటును ఆ సర్వర్లకు అసలు పెట్టనేలేదు.

ఇక్కడా అదృష్టమే ఆదుకుంది. దాదాపు ఆరు గంటల ముందు, వేరే ప్రయోగం కోసం, ఒకరు తన చేతులతో ఒక నకలు తీసి ఉంచారు. నెమ్మదిగా నడిచే డిస్కుల నుంచి దాన్ని తిరిగి చేర్చడానికి సుమారు పద్ధెనిమిది గంటలు పట్టింది. ప్రోగ్రాములు పోలేదు. కానీ ఆ ఆరు గంటల్లో చేరిన సుమారు 5,000 ప్రాజెక్టుల వివరాలూ, అన్నే వ్యాఖ్యలూ, 700 మంది కొత్త సభ్యుల ఖాతాలూ పోయాయి. ఆ సంస్థ తన తప్పును దాచలేదు. మరమ్మతు సాగుతున్నంతసేపూ అందరూ చూసేలా ప్రసారం చేసింది. తరువాత కారణాలన్నీ వివరంగా ప్రచురించింది. ఈ కథ మనకు ఇంత వివరంగా తెలియడం ఆ నిజాయితీ వల్లే.

కాపలావాడే తుడిచేస్తే?

పని జరగకపోవడం ఒక ఎత్తు. తప్పుగా జరగడం మరో ఎత్తు. 2021 డిసెంబరులో జపాన్‌లోని క్యోటో విశ్వవిద్యాలయపు సూపర్ కంప్యూటర్‌లో ఇలాగే జరిగింది. అక్కడి బ్యాకప్ ప్రోగ్రామ్‌లో పది రోజులు దాటిన పాత చిట్టాలను చెరిపే భాగం ఒకటి ఉంది. ఆ ప్రోగ్రామ్ నడుస్తుండగానే, సరఫరా చేసిన సంస్థ దాన్ని సవరించి పాత ఫైలు స్థానంలో కొత్తది పెట్టింది. ఇలాంటి ప్రోగ్రామ్‌ను యంత్రం ఒకేసారి మొత్తంగా చదవదు. కొంత చదివి, కొంత నడిపి, మళ్ళీ చదువుతుంది. సగం పాతది, సగం కొత్తది కలిసిపోయి, ఏ చోట చెరపాలో చెప్పే పేరు ఖాళీ అయిపోయింది. చిట్టాలకు బదులు పరిశోధకుల ఫైళ్ళు చెరిగిపోయాయి. 77 టెరాబైట్లు, సుమారు 3 కోట్ల 40 లక్షల ఫైళ్ళు! పద్నాలుగు పరిశోధక బృందాలు నష్టపోయాయి. వాటిలో నాలుగింటి సమాచారం తిరిగి రాలేదు. సరఫరా చేసిన సంస్థ పూర్తి బాధ్యత తనదేనని ఒప్పుకుంది.

రైలు సిగ్నల్ చెప్పే పాఠం

ఈ మూడు సంఘటనల్లోనూ కారణాలు వేరు. మొదటి రెండింటిలో మాత్రం ఒక పోలిక ఉంది. లోపం వస్తే కబురు వస్తుందని అందరూ నమ్మారు. కబురు రాలేదు కాబట్టి లోపం లేదనుకున్నారు. కబురు తెచ్చే దారే మూసుకుపోవచ్చని ఎవరూ తలచలేదు.

ఈ చిక్కును రైల్వే ఇంజినీర్లు ఎంతో ముందే గుర్తించారు. పాత స్టేషన్లలో రెక్క సిగ్నళ్ళు మీలో కొందరైనా చూసి ఉంటారు. స్టేషన్ నుంచి తీగ లాగితేనే ఆ రెక్క కదిలి ‘పో’ అంటుంది. తీగ తెగితే? రెక్క తన బరువుకో, దానికి కట్టిన బరువుకో అడ్డంగా నిలిచి ‘ఆగు’ అంటుంది. అంటే ప్రమాద సంకేతానికి ఎవరి ప్రయత్నమూ అక్కర్లేదు. క్షేమ సంకేతానికే ప్రయత్నం కావాలి.

జాగ్రత్తగల సర్వర్ నిర్వాహకులు ఇప్పుడు ఇదే సూత్రం పాటిస్తున్నారు. బ్యాకప్ విఫలమైతే కబురు పంపడం కాదు, సఫలమైన ప్రతిసారీ కబురు పంపాలి. ఆ కబురు కోసం వేరే యంత్రం ఒకటి ఎదురుచూస్తూ ఉండాలి. వేళ దాటినా కబురు రాకపోతే అదే గంట మోగించాలి. సర్వర్ కాలిపోయినా, క్రాన్ ఆగిపోయినా, ఈమెయిల్ దారి తప్పినా ఫలితం ఒక్కటే: కబురు రాదు, గంట మోగుతుంది.

ఇంకో జాగ్రత్త కూడా ఉంది. నకలు ఉందని తెలియడం చాలదు. అప్పుడప్పుడూ దాన్ని వేరే యంత్రంలో తెరిచి, అందులోని సమాచారం పనికొస్తుందో లేదో చూడాలి. తిరిగి తెరిచి చూడని నకలును నకలు అనుకోకూడదు.

మీ కళాశాలలో లినక్స్ యంత్రం ఉంటే ఒక చిన్న ప్రయోగం చేయండి. నిమిషానికోసారి అప్పటి తేదీనీ వేళనూ ఒక ఫైలులో చేర్చే పనిని క్రాన్‌కు అప్పగించండి. శాతం గుర్తుతో ఒకసారి, లేకుండా ఒకసారి ప్రయత్నించండి. తరువాత యంత్రాన్ని పది నిమిషాలు ఆపి, మళ్ళీ మొదలుపెట్టి ఫైలు చూడండి. ఆ పది నిమిషాల వరుసలు ఉండవు. అవి లేవని మీకు చెప్పేవారూ ఉండరు. మీరే వేళలు లెక్కపెట్టి చూసుకోవాలి.